మొగలో నిలిచిన అడుగమ్మ తల్లి

సన్నేరు సముద్రంలో కలిసేచోట, అంటే మొగ దగ్గర, గుల్లలపాలెం గ్రామానికి తూర్పున, అడుగమ్మ తల్లి క్షేత్రం ఉంది. ఈ క్షేత్రానికి గోపురం లేదు, గర్భగుడి లేదు, పైకప్పు కూడా లేదు. బస్సు దిగిన భక్తులు సరుగుడు తోపు మధ్యనున్న ఇసుకబాటలో పావుగంట నడిస్తే ఏరు ఒక్కసారిగా వెడల్పై కనిపిస్తుంది. అంత వెడల్పున్నా అక్కడ లోతు లేదు. ఆటు సమయంలో నీరు మొలబంటి ఉంటుంది, పోటు సమయంలో మెడదాకా వస్తుంది. ఏటినీ సముద్రాన్నీ వేరుచేసే ఇసుక మేటకు పది బారల ఇవతల, ఆ నీటి నడుమ, నల్లని శిల ఒకటి నిలబడి ఉంటుంది. అదే అమ్మవారు.

ఆ శిలకు చెక్కిన ముఖం లేదు. భుజాల వంటి రెండు వంపులు, ఒడి వంటి ఒక గుంట మాత్రం ఉన్నాయి. ఆ ఒడిలో గుల్లలు అతుక్కుని పెరుగుతాయి, వాటిని ఎవరూ కోయరు. నడుము కింది భాగమంతా ఒండ్రులో ఉంది. అది ఎంత లోతుకు దిగి ఉందో చూసినవారు లేరు. ఒండ్రు అమ్మవారి నడుము దాటి పైకి వచ్చిందంటే మొగకు జబ్బు చేసిందని ఊరివారు గ్రహిస్తారు. అప్పుడు ఒండ్రు తీయడానికి ఇంటికొకరు గంప పట్టుకుని ఏటిలోకి దిగుతారు.

అడుగమ్మ అనే పేరుకు ఊళ్ళో రెండు అర్థాలు చెబుతారు. ఏటి అడుగును పాదంతోనే తెలుసుకున్న తల్లి కనుక అడుగమ్మ అని ఆడవారంటారు. ఆమెను అడిగి గాని వల వేయము కనుక అడుగమ్మ అని మగవారంటారు. రెండు మాటలూ ఒక్క కథలో నుంచే వచ్చాయి.

పూర్వం ఇక్కడ జోగులు అనే కులపెద్ద ఉండేవాడు. అతనికి పద్నాలుగేళ్ళప్పుడు తల్లిదండ్రులు ఒకే తెప్ప మీద వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. ఇంట్లో మిగిలింది నాలుగేళ్ళ చెల్లెలు గున్నమ్మ. జోగులు ఆ పిల్లను భుజాన వేసుకుని పెంచాడు. తాను తినే గంజిలో మెతుకులు ఏరి ఆమెకు పెట్టాడు. ఏటిలో నడవడం నేర్పినవాడూ అతనే. కాలి కింద గరగరమంటే ఇసుక అని, మెత్తగా ఉండి చల్లగా తగిలితే మంచి ఒండ్రు అని, అక్కడే గుల్లలు దొరుకుతాయని చెప్పాడు. ఏడాది తిరిగేసరికి గున్నమ్మ అతనికే చెప్పసాగింది. ఏటిలో ఎక్కడ ఏముందో ఆమె పాదాలకు తెలిసినట్టు ఊళ్ళో మరెవరికీ తెలియదని అందరూ ఒప్పుకునేవారు.

జోగులు చెల్లెలికి పెళ్ళి చేశాడు. ఆరేళ్ళకే ఆమె భర్త సముద్రంలో పోయాడు. గున్నమ్మ నీలాలు అనే కూతురిని చంకనెత్తుకుని అన్న గుమ్మం ముందుకు వచ్చి నిలబడింది. జోగులు ఏమీ అడగలేదు. తన గుడిసె పక్కనే ఇంకొక గుడిసె వేయించాడు. అతనికి సంతానం లేదు, భార్య అంతకు ముందే కాలం చేసింది. నీలాలు పగలంతా మావయ్య వల బాగుచేసేచోటే ఆడుకునేది. అతను అన్నం తినేటప్పుడు ఎదురుగా తన మట్టి మూకుడు పెట్టుకుని కూర్చునేది.

ఆ కాలంలోనూ ఈ మొగ ఇప్పటిలాగే ఉండేది. ఎండాకాలం ఏటిలో ప్రవాహం సన్నగిల్లితే సముద్రం ఇసుకను తోసుకొచ్చి మొగను పూడ్చివేసేది. వానలు రాకముందే ఊరంతా కలిసి ఆ మేటను తవ్వి దారి చేసేవారు. దాన్ని మొగ కొట్టడం అంటారు. మొగ కొడితే ఏటి నీరు సముద్రంలోకి పోతుంది, సముద్రపు నీరు లోపలికి వస్తుంది, అడుగు శుభ్రపడుతుంది. ఎన్ని తరాలుగా జరుగుతున్నదో ఎవరికీ తెలియదు గాని, ఏ ఏడూ మానలేదు.

నీలాలుకు ఎనిమిదేళ్ళు నిండిన కాలంలో వరుసగా మూడేళ్ళు సముద్రం చేపలివ్వలేదు. వెళ్ళిన తెప్పలు ఖాళీగా తిరిగి వచ్చాయి. ఊరివారు తాటి తేగలు, ఆకుకూరలు తిని రోజులు గడిపారు. మూడో ఏడు మొగ పూడిన తరువాత ఒక విచిత్రం కనిపించింది. పూడడానికి ముందు పోటుతో వచ్చిన చేపలు ఏటిలోనే చిక్కుకుపోయాయి. వల వేస్తే చాలు, బరువుగా పైకి వచ్చేది. మొగ కొట్టే రోజు దగ్గరపడినప్పుడు జోగులు ఊరిని కూర్చోబెట్టి, ఈ ఏడు కొద్ది రోజులు ఆగుదామన్నాడు. మొగ కొడితే ఉన్న చేప అంతా సముద్రం పాలవుతుంది. మూడేళ్ళ ఆకలి తీరేదాకా ఆగితే తప్పేముందన్నాడు. ఎవరూ కాదనలేదు.

ఇంతలో ఎగువ కొండల మీద వానలు పడ్డాయి. ఆ ఏడే ఎగువ సీమ దొర ఒకడు పంటకోసం కొండవాలు అడవిని నరికించి తగలబెట్టించాడు. పట్టి ఉంచే వేరు లేక కొండ మట్టి వానకు కరిగి ఏటిలో పడింది. సన్నేరు ఎర్రగా వచ్చింది. వచ్చిన నీటికి పోయే దారి లేదు. నీరు అక్కడే నిలిచింది, మట్టి మెల్లగా అడుగుకు దిగింది. నాలుగు రోజులు ఎండ కాసేసరికి నీటిపైన పచ్చని తెట్టు కట్టింది.

అప్పుడు చేపలు గుంపులు గుంపులుగా పైకి వచ్చి నోళ్ళు తెరిచాయి. వలల అక్కర కూడా లేకపోయింది. ఆడవారు, ముసలివారు గంపలతో ముంచి తెచ్చుకున్నారు. మధ్యాహ్నం వేళ ప్రతి గుడిసె కప్పులోంచీ పొగ లేస్తుంటే జోగులు గట్టు మీద నిలబడి చాలాసేపు చూశాడు. మూడేళ్ళుగా అతను ఎవరింటి ముందు నుంచి నడిచినా తల వంచుకునే నడిచేవాడు. ఆ రోజు తల ఎత్తి నడిచాడు.

ఆ సాయంత్రమే గున్నమ్మ అతని దగ్గరకు వచ్చింది. ఆమె కాళ్ళు మోకాళ్ళదాకా నల్లగా ఉన్నాయి. ఆ బురద కుళ్ళిన గుడ్డులా కంపు కొడుతోంది.

"అన్నా, మొగ కొట్టించు. అడుగు పాడైపోనాది," అంది.

"చేపలు ఇంతగా పైకొస్తుంటే పాడైపోనాదంటావేటి?"

"అవి మనకోసం రావడంలేదన్నా. కింద ఊపిరాడక వస్తున్నాయి. పైన వేలెడు మందాన ఎర్రమట్టి ఉంది. దాని కింద అంతా నలుపే. కాలు పెడితే ఆనడంలేదు, దిగిపోతోంది. సగం గుల్లలు చచ్చి నోరు తెరిచేసున్నాయి."

చెల్లెలు ఏటి గురించి చెప్పిన మాట ఇంతవరకు తప్పలేదని జోగులుకు తెలుసు. అయినా మధ్యాహ్నం చూసిన పొగ అతని కళ్ళముందు నుంచి పోలేదు.

"పదిహేను రోజులు ఓపిక పట్టు గున్నా," అన్నాడు. "ఊరు కడుపునిండా తిని మూడేళ్ళయింది. ఇప్పుడు మొగ కొడితే మళ్ళీ ఆ చల్లారిన పొయ్యిలే చూడాలి. నావల్ల కాదు."

"అయితే గుల్లలు మాత్రం తీయొద్దని చెప్పు."

"గుల్లలు వద్దంటే చేపల సంగతేటని అడుగుతారు. ఎవరికీ చెప్పకు."

గున్నమ్మ కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

రెండు రోజుల తరువాత ఊరి పెద్దలు కూర్చున్నారు. ఏటి వాసన కొందరికి అనుమానం కలిగించింది. అందరిలోకి వయసు మళ్ళిన దాలయ్య తాత గున్నమ్మను పిలిపించాడు. "అమ్మా, ఏటిలో దిగి తిరిగేది మీ ఆడోళ్ళే. అందులో నీకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు. నీళ్ళెలాగున్నాయి?" అని అడిగాడు.

గున్నమ్మ అన్న ముఖంలోకి చూసింది. జోగులు ఆ చూపును తప్పించుకోలేదు. తప్పించుకున్నా బాగుండేదని తరువాత అతను బతికినన్నాళ్ళూ అనుకున్నాడు. మెతుకులు ఏరి పెట్టిన అన్న, గుమ్మంలో నిలబడితే ఏమీ అడగని అన్న, ఆ క్షణాన కళ్ళతో చెల్లెలిని బతిమాలాడు.

"బాగానే ఉన్నాయి తాతా," అంది గున్నమ్మ.

ఆ మాటతో ఊరి అనుమానం తీరిపోయింది. మరునాడు ఆడవారు గంపలతో ఏటిలోకి దిగి గుల్లలు ఏరుకొచ్చారు. గున్నమ్మ దిగలేదు, తలనొప్పి అని చెప్పి ఇంట్లోనే ఉండిపోయింది. ఆ రోజు వాళ్ళింట్లో పాత గంజే. ఆ రోజుల్లో ఏ కొత్త తిండి దొరికినా ఇంట్లో మొదట పిల్లలకు పెట్టి, మిగిలింది పెద్దలు తినేవారు. పొరుగింటి అసిరమ్మ గుల్ల మాంసం వండి తన ముగ్గురు పిల్లలకూ వడ్డించింది. వాకిట్లో ఆడుకుంటున్న నీలాలును చూసి, తల్లికి ఒంట్లో బాగాలేదు కదా అని ఆ పిల్లనూ పిలిచి కూర్చోబెట్టింది. నీలాలు ఇంట్లోంచి తన మూకుడు తెచ్చుకుని రెండుసార్లు పెట్టించుకుంది.

పొద్దు వాలకముందే పిల్లలకు వాంతులు మొదలయ్యాయి. తిన్న పెద్దలూ పడకేశారు గాని లేచారు. పిల్లలు లేవలేదు. మూడు రోజుల్లో పదకొండుమంది పోయారు. ఏడోవాడు అసిరమ్మ పెద్దకొడుకు. పదకొండోది నీలాలు. చివరిరోజు ఆ పిల్ల మావయ్య చేతిని పట్టుకుని, చల్లని నీళ్ళు కావాలని అడిగింది. కుండలో నీళ్ళు ఏటివా, చెలమవా అని జోగులుకు గుర్తు రాలేదు. పోయడానికి అతనికి చేతులాడలేదు.

అసిరమ్మ ఏడుస్తూ గున్నమ్మ గుమ్మం ముందు కూర్చుంది. "నీ మాట మీదే వండేనమ్మా," అని మాత్రం అంది. గున్నమ్మ ఆమె పక్కనే నేలమీద కూర్చుని, ఆమె పాదాలను తన ఒళ్ళో పెట్టుకుంది.

పిల్లలందరినీ సరుగుడు తోపుకు పడమరగా ఇసుకలో పూడ్చిపెట్టారు. మరునాడు పొద్దుటే జోగులు చెల్లెలి గుడిసెకు వెళ్ళాడు. గున్నమ్మ చీర కుచ్చెళ్ళు పైకి దోపి, చేత పార పట్టుకుని బయలుదేరుతోంది.

"తప్పు నాది గున్నా. నేను నీ నోరు కట్టేశాను," అన్నాడు జోగులు.

"తాత నన్నడిగినప్పుడు నేను నీ ముఖంకేసి చూశానన్నా. నీళ్ళకేసి చూడవలసింది," అంది గున్నమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే భరించగలిగేవాడినని జోగులు అనుకున్నాడు.

ఆమె మేట మీదికి వెళ్ళి తవ్వడం మొదలుపెట్టింది. కాసేపటికి అసిరమ్మ వచ్చింది. ఆ వెనుక బిడ్డలను పోగొట్టుకున్న తల్లులంతా వచ్చారు. తరువాత మగవారు వచ్చారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. జోగులు సముద్రం వైపు నుంచి తవ్వితే గున్నమ్మ ఏటి వైపు నుంచి తవ్వింది. మధ్యాహ్నానికి ఇద్దరి మధ్యా రెండు బారల ఇసుక మిగిలింది. ఇన్నాళ్ళూ నిలిచిన నీరు సముద్రం కంటే నిలువెత్తు పైన ఉంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. జోగులు పార ఎత్తి ఆగి, "ఇటు గట్టు మీదికి వచ్చేయి," అన్నాడు. గున్నమ్మ తల అడ్డంగా ఊపింది. తాటి మొద్దు ఒకటి ఇసుకలో అడ్డంపడి ఉంది, అది కదలకపోతే నీరు పారదు. ఆమె నడుము లోతు బురదలోకి దిగి మొద్దును భుజంతో నెట్టింది.

మొద్దు కదిలింది. మొగ తెగింది.

నల్లని నీరు ఒక్క ఉరుకున వచ్చి పడింది. జోగులు ముందుకు పడి చెల్లెలి చేయి అందుకున్నాడు. ఆమె నాలుగేళ్ళ వయసులో తాను పట్టుకుని ఏటిలో నడిపించిన చేయి అది. దానికి అంటిన ఒండ్రు నూనెలా జారింది. మణికట్టు, అరచేయి, వేళ్ళు, ఒక్కొక్కటిగా అతని పిడికిట్లోంచి జారిపోయాయి. గున్నమ్మ కేక వేయలేదు. నీరు ఆమె మీదుగా సముద్రంలోకి పోయింది.

మూడు రోజులు మొగలో నలుపే పారింది. తీరం వెంట ఆమడ దూరం సముద్రం కూడా నల్లబడింది. తెప్పలు వేసుకుని వెదికారు. ఆమె దేహం దొరకలేదు. జోగులు గట్టు మీదే కూర్చుండిపోయాడు. తిండి ముట్టలేదు, కన్ను మూయలేదు. నాలుగోనాటి మధ్యాహ్నం కూర్చున్నచోటే అతనికి కునుకు పట్టింది. ఆ కునుకులో గున్నమ్మ కనబడింది. చిన్నప్పటిలా కుచ్చెళ్ళు దోపుకుని నడుము లోతు నీటిలో నిలబడి ఉంది.

"కాలు ఆనిందన్నా. ఇంక దిగను," అంది. "నాకు ఒడ్డున గుడి కట్టకు, పైన కప్పు వేయకు. ఏటా మొగ కొట్టే రోజున వచ్చి, నీళ్ళెలాగున్నాయని ఇక్కడ దిగే ఆడదాన్నడుగు. ఆమె ఏం చెబితే అది విను. అడిగేటప్పుడు నీ ముఖం మాత్రం ఆమెకు చూపించకు."

జోగులు ఉలికిపడి లేచేసరికి ఆటు సమయమైంది. నీరు తేటపడి ఉంది. ఏటి నడుమ అంతకుముందు లేని నల్లని శిల, నడుము లోతు ఒండ్రులో, సముద్రం వైపు తిరిగి నిలబడి ఉంది.

ఆ తరువాత జోగులు ముప్పై ఏళ్ళు బతికాడు. చెల్లెలి పాదాలకున్న జ్ఞానం తనకు లేదు కనుక అతను వేరే ఉపాయం చేసుకున్నాడు. పిల్లలు తిన్న ఆ గుల్లల చిప్పలన్నీ పోగుచేసి కాల్చి సున్నం చేశాడు. ఆ సున్నాన్ని నీలాలు మూకుడుకు తెల్లగా పూసి, తాడు కట్టి, రోజూ పట్టపగలు ఏటిలోకి దించేవాడు. తాడుకు జానకొక ముడి వేసేవాడు. ఎన్నో ముడి దగ్గర మూకుడు కనబడకుండా పోతుందో చూసేవాడు. కొద్ది ముడులకే కనబడకుండా పోతే, నీటిలో మట్టి చేరిందని తెలిసి ఎగువకు నడిచి వెళ్ళేవాడు. ఎక్కడ గట్టు కోసుకుపోయిందో చూసి, అక్కడ మొగలి, రెల్లు నాటి వచ్చేవాడు. ఎగువ సీమ దొర కాళ్ళమీద పడి కొండవాలు అడవిని మళ్ళీ పెరగనివ్వమని వేడుకున్నాడని, ఏడుసార్లు గెంటించుకుని ఎనిమిదోసారి మాట సాధించాడని చెబుతారు. ఒండ్రు తీయడానికి మొదటి గంప అతనే ఎత్తేవాడు. ముసలితనంలో గంప మోయలేక దోసిళ్ళతో తీసేవాడు. ఒకనాడు అలా తీస్తూనే అమ్మవారి శిలకు తల ఆనించి ప్రాణం విడిచాడు. అతనికి వేరే సమాధి లేదు. పిల్లలను పూడ్చిన ఇసుకలోనే ఒక చివర చోటిచ్చారు.

నేటికీ జ్యేష్ఠ పౌర్ణమి తరువాత వచ్చే మంగళవారం నాడు ఇక్కడ ఉత్సవం జరుగుతుంది. ఆటు సమయాన, పట్టపగలు, గుల్లలు ఏరే ఆడవారిలో ఒకరు సున్నం పూసిన మూకుడుతో అమ్మవారి పక్కకు దిగుతారు. మూకుడు దించి, పాదంతో అడుగు చూస్తారు. ఆ ఏడాది కులపెద్ద ఎవరైనా సరే, తలమీద తడిగుడ్డ కప్పుకుని, ఆమెకు వీపు చేసి, సముద్రం వైపు తిరిగి నిలబడతాడు. "చెల్లెమ్మా, నీళ్ళెలాగున్నాయి?" అని మూడుసార్లు అడుగుతాడు. ఆమె చెప్పినదే మాట. కొన్నేళ్ళ క్రితం ఎగువ నుంచి రంగునీళ్ళు వచ్చిన ఏడు, ఇరవై ఏళ్ళు కూడా నిండని అమ్మాయి ఒకతె నీటిలో నిలబడి "బాగాలేవన్నా" అంది. నలభై ఒక్క రోజులు వలలు దండేల మీదే ఆరాయి. ఆ రోజులు ఎలా గడిచాయో ఊరికే తెలుసు. ఆ అమ్మాయిని ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఆమె ఏం చెప్పినా మొగ మాత్రం కొడతారు. బాగున్నాయని చెప్పిన ఏడు మొదటి గుల్లలు అక్కడే మేట మీద వండుతారు. వాటిని ముందుగా కులపెద్ద ఒక్కడే, అందరికీ కనబడేలా కూర్చుని తినాలి. తిన్న తరువాత పోటు వచ్చి మళ్ళీ ఆటు తిరిగేదాకా కదలకూడదు. అంతసేపూ ఊరు అతని ముఖమే చూస్తూ ఉంటుంది.

బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు దూరప్రాంతాల నుంచి ఈ ఉత్సవానికి వస్తారు. వారు మొక్కులు చెల్లించేదేమీ లేదు. ఒక గంపెడు ఒండ్రు ఎత్తి గట్టున పోసి, ఊరి ఆడవారి మధ్య కూర్చుంటారు. పోయిన బిడ్డ పేరేమిటని ఎవరో ఒకరు అడుగుతారు. చెప్పడానికి ఎంతసేపు పట్టినా వింటారు. ఆటు తిరిగాక కులపెద్ద లేచి నిలబడి, బాగానే ఉన్నానని చేయి ఎత్తుతాడు. అప్పుడు మేట మీద ఆకులు పరుస్తారు. మొదటి పదకొండు ఆకుల ముందు ఎవరూ కూర్చోరు. పన్నెండో ఆకు నుంచి ఊరి పిల్లలను, యాత్రికుల పిల్లలను ఒకే వరుసలో కూర్చోబెట్టి, వేడివేడిగా వడ్డిస్తారు.